ఇప్పచెట్ల కింది ఎర్రమందు

"సీసా ఏదమ్మా?" అని అడిగాడు కంపెనీ వకీలు.

కళావతి బోనులో నిలబడి ఉంది. ఇరవై దాటి ఎన్నేళ్లో కాలేదు. నాలుగేళ్ల కూతుర్ని పోగొట్టుకుని అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నేల చూస్తోంది.

"నీ బిడ్డ మా మందు తాగి చనిపోయిందంటున్నావు. తాగితే సీసా ఉండాలి కదా. సీసా మీద నంబరుంటుంది, తేదీ ఉంటుంది. అవేవీ లేకుండా అది మా మందేనని ఎలా నమ్మడం? ఐదుగురు పిల్లలు పోయారంటున్నారు. ఐదిళ్లలో ఒక్క సీసా లేదా?"

వకీలు వెనక్కి తిరిగి, "సారా సీసాలైతే ఇంటింటికీ దొరికేవేమో" అన్నాడు. బెంచీల మీద కూర్చున్న నల్లకోట్ల వకీళ్లు కొందరు నవ్వారు. జడ్జి గారు నవ్విన వాళ్లను మందలించి, సాక్ష్యం ఉంటే పట్టుకురమ్మని చెప్పి కేసు వాయిదా వేశారు. ఆ నవ్విన ముఖాలను నేను ఒక్కొక్కటిగా చూసి పెట్టుకున్నాను. ఎందుకైనా పనికొస్తాయి.

నేను సువర్ణ లాయరు దగ్గర గుమాస్తాను. అంతకు ముందు మణుగూరు బొగ్గు గనుల్లో కాంట్రాక్టు కూలీని. యూనియన్ పెట్టినందుకు పని పోయింది. ఈ కథ కూలీలకూ హాస్టల్ పిల్లలకూ చెప్పాలని రాస్తున్నాను కనుక ముందు సువర్ణ సంగతి చెప్పాలి.

ఆమెది జూలూరుపాడు దగ్గర లంబాడా తండా. నల్లకోటు తొడిగిన నాటి నుంచీ ఆమె చేసినవన్నీ ఒకే రకం కేసులు, మందులతో పాడైపోయిన మనుషులవి. మొదటిది సొంత తల్లి ద్వాలిదే. ఉచిత కంటి శిబిరంలో వేసిన చుక్కల మందుకు తండాలో ముసలివాళ్ల చూపు పోయింది. సువర్ణ కొట్లాడితే కంపెనీ రాజీకి దిగి, పరిహారంతో పాటు ఒక షరతు పెట్టింది. కళ్లు ఎలా పోయాయో ఎవరూ బయట చెప్పకూడదు. ద్వాలిని ఇప్పుడు అడిగి చూడండి, "వయసు మీదపడ్డది బిడ్డా" అంటుంది. రెండోది మా కూలీలది. నొప్పులకని వేయించుకున్న సూదితో నా కుడికాలు చచ్చుబడింది. మాకూ రాజీయే, మాకూ అదే షరతు. చెప్పకూడదని కాగితం మీద ఉంది. ఇదిగో చెబుతున్నాను, ఏం చేసుకుంటారో చేసుకోమనండి.

రెండు కేసుల్లోనూ గెలిచింది మేమేనని పేపర్లు రాశాయి. ఆ కంపెనీలు మాత్రం పేర్లు మార్చుకుని ఇంకా బలిశాయి. అందుకే ఎర్రమందు కేసు చేతికి వచ్చిన రోజున సువర్ణ ఒకటే మాట అంది.

"గీసారి రాజీ లేదు. వాళ్ల పైసలొద్దు. వాళ్లు జైలుకు పోవాలె."

ఎర్రమందంటే దగ్గుమందు. చలపతిరావు అనే పెద్దమనిషి ఒకడున్నాడు. కృష్ణా జిల్లా నుంచి చేతిసంచితో వచ్చి మా అడవిలో మేడలు కట్టాడు. తునికాకు కాంట్రాక్టు ఆయనదే, ఎర్రమందు చేసే కంపెనీ ఏజెన్సీ ఆయనదే. ఎండల్లో కోయవాళ్ల చేత ఆకు కోయిస్తాడు, వానల్లో వాళ్లకు జ్వరాల మందులమ్ముతాడు. పోయిన వానాకాలం ఆయనకు దయ పుట్టుకొచ్చింది. ఇప్పలగుంపు అనే కోయగూడెంలో ఉచిత వైద్య శిబిరం పెట్టించి, దగ్గే పిల్లలందరికీ ఎర్రటి మందు సీసాలు పంచాడు. ఊరికే ఇచ్చాడని తల్లులు చేతులెత్తి దండం పెట్టారు.

మందు వరసగా తాగిన పిల్లలకు ఒంటికి పోవడం ఆగిపోయింది. ముఖాలు వాచాయి, పొట్టలు ఉబ్బాయి. మంచాలకు కట్టి మోసుకుపోతే పెద్ద దవాఖానాలో కిడ్నీలు పోయాయన్నారు. ఐదుగురు శవాలై తిరిగొచ్చారు. ఇంకా ఏడుపులు ఆగకముందే చలపతిరావు జీపు గుంపుకు వచ్చింది. పాత సీసా ఇస్తే కొత్త బలం టానిక్కు ఇస్తామని చెప్పి మిగిలిన సీసాలన్నీ ఊడ్చుకుపోయింది. తప్పు చేయనివాడికి అంత తొందర ఎందుకో మీరే చెప్పండి.

వాయిదా పడిన మర్నాడు సువర్ణా నేనూ ఇప్పలగుంపుకు పోయాం. గుంపు పెద్ద పగిడయ్య ఇంటి ముందు పందిరి కింద ఆడా మగా కూర్చున్నారు. సువర్ణ చాప మీద కూడా కూర్చోలేదు.

"జీపొచ్చి సీసాలు పట్కపోయింది, నిజమే. కానీ పిల్లలు పోయిన ఐదిండ్లల్ల మాత్రం ఒక్క సీస దొరకలేదని ఆ జీపు డ్రైవరే బజార్ల చెప్పుకున్నడు. గవి ఏడికి పోయినయి? నాకు తెల్వకుంట నేనెట్ల కొట్లాడాలె?"

ఆడవాళ్లు తమలో తాము కోయమాటలో ఏదో గొణుక్కున్నారు. గుంపులో పుట్టిన పిల్లలకు మొదటి స్నానం, పోయిన పిల్లలకు చివరి స్నానం చేయించేది జంపక్క. డెబ్బై ఏళ్ల మనిషి. ఆఖరికి ఆమే నోరు తెరిచింది.

"పిల్లల తోటే పంపినం."

"ఏడికి పంపినరు?"

"మన్నులకు. మా దాంట్ల గట్లనే ఉంటది బిడ్డా. పెద్దోళ్లను కాలుస్తం, పిల్లల్ని ఇప్పచెట్ల కింద పెడతం. వాళ్లు తినేది, తాగేది, ఆడుకునేది పక్కన పెడతం. తోవల ఎవరిస్తరు వాళ్లకు? గీ కళావతి బిడ్డ దీపికకు గాజులు పెట్టినం, చెంచ పెట్టినం, గా మందు సీస పెట్టినం. ఆడ గూడ దగ్గొస్తదేమో అని."

సువర్ణ అప్పుడు కూర్చుంది.

"ఇన్నొద్దులు నాకెందుకు చెప్పలే?" అని అడిగింది.

"చెప్తే తవ్వుమంటవని" అన్నాడు పగిడయ్య. "కోర్టుల చెప్తే నవ్వుతరని. సార్లందరు ఎప్పటికీ గదే అంటరు గద, వీళ్లకు తెలివి లేదు, విషాన్ని తీస్కపోయి పూజ చేసిండ్రని."

"సీసల మందున్నదా?"

ఆ ప్రశ్నకు కళావతి తలెత్తింది. "సగం మీద ఉండె. ఒలకకుంట కవర్ల చుట్టి గట్టిగ ముడేసిన."

కంపెనీ వెతికి వెతికి మాయం చేయాలనుకున్న సాక్ష్యం, ఐదుగురు తల్లులు జాగ్రత్తగా మూటగట్టిన సాక్ష్యం, ఊరి పక్కనే ఇప్పచెట్ల కింద భద్రంగా ఉంది.

"తియ్యాలె" అంది సువర్ణ. "ఆఫీసర్ల ముంగట, డాక్టరు ముంగట తియ్యాలె."

పగిడయ్య లేచి నిలబడ్డాడు. "వద్దు. మన్నుల పెట్టినోళ్లను లేపొద్దు. లేపితే గుంపుకు మంచిది కాదు. మీ తండల మీరు లేపుకోండ్రి, మా పిల్లల జోలికి రాకుండ్రి."

దాంతో పందిరి కింద గొడవ మొదలైంది. భద్రాచలంలో డిగ్రీ చదివే పవన్ పగిడయ్యకు ఎదురు లేచాడు.

"పిల్లల్ని చంపినోడు కార్ల తిరుగుతుంటె గుంపుకు మంచిగున్నదా పెద్దయ్యా?"

"నువ్వు నాలుగు పుస్తకాలు చదివి నాకు చెప్పొచ్చినవా?"

"మన ఆకు కొనే కల్లం ఆయనది" అన్నాడు వెనక నుంచి ఒకాయన. "రేపు మన ఆకు కొననంటె ఎట్ల బతుకుతం? కేసు వాపసు తీస్కుంటె ఇండ్లు కట్టిస్తనని పొద్దుగాలే మనిషిని పంపిండు."

"పిల్లలు లేని ఇండ్ల ఎవలుంటరు, నువ్వుంటవా?" అని ఒక తల్లి అతని మీదికి లేచింది.

సువర్ణ ఆ గోలలో కలగజేసుకోలేదు. అప్పటిదాకా కదలకుండా కూర్చున్న కళావతి ఆమె దగ్గరికి వచ్చింది.

"లాయరమ్మా, ఒకటడుగుత. మన్నుల పెడితే గా మందుల విషం పోతదా?"

"పోదు."

"అంటె ఇప్పుడు గూడ నా బిడ్డ పక్కన విషమే ఉన్నది."

పందిరి కింద గొడవ దానంతటదే ఆగింది.

"బతికున్నప్పుడు నా చేతుల తోటే పోసిన" అంది కళావతి. ఆమె గొంతు కూడా పెరగలేదు. "సచ్చినంక నా చేతుల తోటే మూటగట్టిచ్చిన. ఆడ గూడ అదే తాగుమని. నేను తీస్త. ఎవ్వరొచ్చినా రాకున్నా నేను తీస్త. దాని పక్క నుంచి తీసి, ఇచ్చినోని నోట్ల పోస్త."

మిగిలిన నలుగురు తల్లులూ లేచి ఆమె పక్కన నిలబడ్డారు. పగిడయ్య ఇప్పచెట్ల వైపు చూశాడు. ఆయన మనవడు కూడా ఆ చెట్ల కిందే ఉన్నాడు.

"బయటోళ్ల చెయ్యి మాత్రం తగలొద్దు" అన్నాడు. "మన పిల్లల మీది మన్ను మనమే తీద్దాం."

తవ్వడానికి తహసీల్దారు హుకుం కావాలి. సువర్ణ దరఖాస్తు పెట్టింది. ఆయన "ఎండలు తగ్గాక చూద్దాం" అన్నాడు. ఎండలు తగ్గితే వానలొస్తాయి, వానలొస్తే బురద అంటాడు, ఆ తర్వాత బదిలీ అయిపోతాడు. ఈ విద్య మాకు తెలియనిది కాదు. సువర్ణ ఇంకో దరఖాస్తు రాయబోతుంటే పగిడయ్య ఆ కాగితం పక్కకు పెట్టించాడు.

"ఇది కాగితం పని కాదు బిడ్డా. మా పని."

మర్నాటి నుంచి ఇప్పలగుంపు ఆకు కోతకు పోలేదు. తునికాకు సరిగ్గా కోతకొచ్చిన రోజులవి, నాలుగు రోజులు ఆలస్యమైతే ఆకు ముదిరి బీడీలకు పనికిరాకుండా పోతుంది. గుంపు గుంపంతా కుండలూ తట్టలూ ఎత్తుకుని మండలాఫీసు ముందు పొయ్యిలు వెలిగించింది. చుట్టుపక్కల గూడేలు కూడా ఆకు కోత మానేశాయి. ఏ రోజుకారోజు జనం పెరిగారు. మణుగూరు నుంచి మా పాత కాంట్రాక్టు కూలీలు లారీ ఎక్కి వచ్చారు. భద్రాచలం హాస్టళ్ల పిల్లలు డప్పులతో వచ్చారు. ద్వాలి తండావాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. కోయలకూ లంబాడాలకూ మధ్య భూముల తగాదాలున్నాయి, ఉద్యోగాల తగాదాలున్నాయి, అవి లేవని నేను అబద్ధం చెప్పను. కానీ ఆ రోజు జంపక్క జరిగి చోటిస్తే ద్వాలి ఆమె పక్కన కూర్చుంది.

"నాకు కండ్లు వయసుకు పోలేదు" అంది ద్వాలి, అందరికీ వినబడేలా. "మందు పోసి పోగొట్టిండ్రు. చెప్పొద్దని ఏలుముద్ర తీస్కున్నరు. చెప్తున్న, రాస్కోండ్రి."

సువర్ణ మొహం పక్కకు తిప్పుకుంది. ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

తహసీల్దారు చలించలేదు. చలించింది చలపతిరావు. ఆకు చెట్ల మీదే ముదిరిపోతోంది. ఆయనే తహసీల్దారు దగ్గరికి పరుగెత్తాడు. "తవ్వనివ్వండి సార్. ఇన్ని నెలలయ్యాక మట్టిలో ఏముంటుందండీ? ఖాళీ చేతులతో లేచి పనిలోకొస్తారు" అన్నాడట. పేదవాడి కన్నీళ్లకు కదలని సంతకం తునికాకుకు కదిలింది.

తవ్వే రోజు పొద్దున ఇప్పచెట్ల దగ్గర ఎంతమంది ఉన్నారో నేను చెప్పలేను. అడవి నిండా మనుషులే. తహసీల్దారు వచ్చాడు, ప్రభుత్వ డాక్టరు వచ్చాడు, పోలీసులు వచ్చారు. తమాషా చూడడానికి చలపతిరావు తెల్లబట్టల్లో వచ్చాడు. కంపెనీ వకీలు ఎండకు తాళలేక ఊరి బయట కారులో ఏసీ వేసుకుని కూర్చున్నాడు. తల్లులు గునపం పట్టనివ్వలేదు, చేతులతోనే మట్టి తీశారు. డాక్టరు చూడవలసింది చూశాడు. అదంతా నేను రాయను. రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఐదు మూటలు బయటికి వచ్చాయి. ముళ్లు విప్పితే ఐదు ప్లాస్టిక్ సీసాలు, ఎర్రమందు కదులుతూ ఉంది. మొదటి సీసా మీది నంబరు తహసీల్దారే పైకి చదివాడు. జనంలోంచి ఒక మూలుగులాంటిది వచ్చింది. నాలుగు సీసాలకు సీలు వేశారు. ఐదోది కళావతి చేతిలో ఉంది. ఇవ్వలేదు.

చలపతిరావు ముఖంలో రంగు మారింది గానీ నోరు తగ్గలేదు.

"సీసా దొరికితే ఏమైందండీ? మంచి మందది. మా మనవడికీ ఇదే పోశాం. వీళ్లు తెలివిలేక ఎక్కువ తాగించుంటారు."

కళావతి సీసా మూతకు చెయ్యేసింది.

"తియ్యకు కళావతీ" అంది సువర్ణ. "సాక్ష్యం పాడైతది."

"నీ కోర్టుకు నాలుగిచ్చినం లాయరమ్మా. గిది నా బిడ్డది."

సువర్ణ పక్కకు జరిగింది. కళావతి మూత తీసి, మూత నిండా మందు పోసి, చలపతిరావు ముందు నిలబడింది.

"నా బిడ్డకు పొద్దుగాల ఒక మూత, మాపటికి ఒక మూత పోసిన. మంచి మందే గద. నువ్వొక్క మూత తాగు."

"ఏంటిది? ఎస్సై గారూ, ఏంటండీ ఇది?"

"మనవనికి పోసిన అన్నవు గద. తాగు."

ఆయన వెనక్కి అడుగేశాడు. వెనక మనుషులున్నారు. పక్కలకు తిరిగాడు, పక్కల్లోనూ మనుషులే. పోలీసులు ఆ గుంపులోకి రాలేకపోయారు. ఎవరు పట్టుకున్నారో, ఎవరు తోశారో, ఆయన తెల్లబట్టలతో మట్టిలో కూలబడ్డాడు. జంపక్క ముసలి చేతులతో ఆయన దవడ పట్టుకుంది. పిల్లలకు మందు పోయడానికి ఎలా పట్టుకుంటారో అలాగే పట్టుకుంది. నిజం చెబుతున్నాను, నాకు ఆయన మీద జాలి కలగలేదు. పోయమ్మా అనే నా మనసు అరిచింది.

"విషం తాగించి చంపుతారా నన్ను?" అని చలపతిరావు గొల్లుమన్నాడు. "చచ్చిపోతాను, తాగితే చచ్చిపోతానండీ, వదలండి!"

మూత ఆయన పెదాల దాకా వచ్చింది. అప్పుడు సువర్ణ కళావతి మణికట్టు పట్టుకుంది.

"ఇడ్సిపెట్టు. గీడు ఒక్కడు చస్తే కంపెనీ దండ పంపి చేతులు కడుక్కుంటది. నాకు వాళ్లందరు కావాలె. గీడు బతికుంటేనే వాళ్ల పేర్లు చెప్తడు."

కళావతి మూతలో మందును చుక్క పోకుండా తిరిగి సీసాలో పోసి, తహసీల్దారుకు ఇచ్చింది. చలపతిరావు చెప్పులు వదిలేసి పరుగెత్తాడు.

కారులో కూర్చున్న వకీలును కూడా పలకరించకుండా ఆయన నేరుగా ఠాణాకు పోయాడు. ఆ కోపంలో తన చేత్తోనే ఫిర్యాదు రాసిచ్చాడు. అరగంటలో పోలీసు జీపు వచ్చి సువర్ణనూ కళావతినీ ఎక్కించుకుంది. జనం జీపు వెనక నడిచారు. నేనూ నా కాలు ఈడ్చుకుంటూ వాళ్లకంటే ముందే చేరాలని నడిచాను. గుమాస్తానని చెప్పి లోపలికి దూరాను.

ఎస్సై ఎఫ్ఐఆర్ చదివి వినిపించాడు. "లాయరు సువర్ణ ప్రోద్బలంతో కళావతి అనే ఆమె నన్ను చంపే ఉద్దేశంతో, తాగితే ప్రాణం పోయే విషపు మందును బలవంతంగా నా నోట్లో పోయబోయినది."

"మళ్ల ఒకసారి చదువుండ్రి సార్" అంది సువర్ణ.

ఎస్సై మళ్లీ చదివాడు.

"ఏ మందు సార్ అది?"

"మీరు గుంటలోంచి తీసిందే."

"అదేనా చలపతిరావు గారూ?"

"అదే" అన్నాడు చలపతిరావు పళ్లు కొరుకుతూ. "ఒక్క గుక్క లోపలికి పోయుంటే నా పని అయిపోయేది. మిమ్మల్నిద్దర్నీ జైల్లో కుళ్లబెట్టిస్తాను."

సువర్ణ కుర్చీలో వెనక్కి వాలింది. ఆమె ముఖంలోకి వచ్చిన నవ్వు చూసి ఎస్సై కాగితం వైపు మళ్లీ చూసుకున్నాడు. కంపెనీ మందులు పంచినవాడు, మంచి మందని నెలల తరబడి వాదించినవాడు, సొంత దస్తూరితో అది విషమని రాసి సంతకం పెట్టాడు. సర్కారు దానికి ముద్ర వేసి నంబరిచ్చింది. ఇన్నేళ్లలో ఏ కోర్టులోనూ మాకు దొరకని మాట అది.

అప్పుడు కంపెనీ వకీలు చెమటలు కక్కుతూ లోపలికి వచ్చాడు. చలపతిరావు చెవిలో ఏదో అన్నాడు. చలపతిరావు ముఖం పాలిపోయింది.

"ఎస్సై గారూ, ఆ ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నాం" అన్నాడు వకీలు. "బిడ్డను పోగొట్టుకున్న తల్లి. ఆవేశంలో ఏదో చేసింది. మానవతా దృష్టితో మేమే క్షమిస్తున్నాం. ఇంటికి పంపించేయండి."

"నంబరు పడ్డది సార్" అని నసిగాడు ఎస్సై. ఆయన చెయ్యి మాత్రం కాగితం మీదికి పోతోంది.

సువర్ణ లేచి కిటికీ దగ్గరికి పోయి బయటి జనానికి చెప్పింది. "వినుండ్రి. గా మందు విషమని చలపతి సారు రాసిచ్చిండు. ఇప్పుడు కేసు కొట్టేసి, గా కాగితం మాయం చేసి మమ్మల్ని ఇడిచిపెడతరట."

బయట ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత పగిడయ్య కర్ర నేలకేసి కొట్టాడు.

"ఎట్ల ఇడిచిపెడతరు? మేమొప్పుకోం. కేసు పెట్టాల్సిందే."

జంపక్క గుమ్మం దగ్గర కానిస్టేబుల్‌ను తోసుకుని లోపలికి వచ్చింది. "దవడ పట్టింది నేను. నా పేరేది దాంట్ల? రాయి." ఆమె వెనకే నలుగురు తల్లులు వచ్చారు. తోసింది నేనంటే నేనని పవన్, మా మణుగూరు కూలీలు అరిచారు. ద్వాలి సువర్ణ గొంతు వినబడిన దిక్కుకు చేతులు చాచి, "నన్ను గూడ రాయుండ్రి, విషం పోసిన కేసుల నేనుంట" అంది. వకీలు ఆ కాగితం అందుకోబోతే నేను నా చచ్చుకాలు బల్లకు అడ్డంపెట్టి నిలబడ్డాను. జనం కిటికీల చువ్వలు పట్టుకుని ఎక్కారు. ఇంతమంది చూస్తుండగా ఏం చేయడానికీ ఎస్సైకి ధైర్యం చాలలేదు.

ఆఖరికి ఆయన కళావతి దగ్గరికి వచ్చాడు. బతిమాలుతున్నట్టే మాట్లాడాడు.

"సారు వద్దంటున్నరు గదమ్మా. ఇంటికి పో. నీకేం కేసు లేదు."

కళావతి కదల్లేదు. గోళ్ల సందుల్లో ఇప్పచెట్ల కింది మట్టి ఇంకా అలాగే ఉంది. ఆ రెండు చేతులూ ముందుకు చాపింది.

"పోను. విషం పోయబోయిన, మీ కాగితంల గట్లనే ఉన్నది. నాకు బేడీలెయ్యి. తర్వాత గా విషం నా బిడ్డకు పోపిచ్చినోళ్లకెయ్యి. మా ఇద్దరి కేసు ఒక్కటే."